నాగమణక్క ప్రస్థానం మూట

నేను దయ్యాలను నమ్మను. ఈ మాట నా డెబ్బై నాలుగో ఏట రాస్తున్నాను. ఇరవై నాలుగో ఏట అడిగినా ఇదే చెప్పేదాన్ని. రైల్వేలో సమయపట్టికలు తయారుచేసే విభాగంలో ముప్పై నాలుగేళ్ళు పనిచేశాను. ఏ బండి ఎక్కడ ఎన్ని నిమిషాలు ఆగాలి, ఒంటి లైను మీద ఎదురుబండికి ఎక్కడ దారి ఇవ్వాలి, అదే నా ఉద్యోగం. ఒక్క నిమిషం తేడా వచ్చినా కారణం దొరికేదాకా వెతకాలి. దొరకని కారణం అంటూ ఉండదనీ, మన వెతుకులాటలోనే లోపం ఉంటుందనీ మా పై అధికారి అనేవారు. నేనూ అదే నమ్మాను.

పంచాంగం మాత్రం చూస్తాను. అది నమ్మకం కాదు, అలవాటు. గొడుగు తీసుకుని బయటికి వెళ్ళడం లాంటిది.

ఈ సంగతి జరిగి పన్నెండేళ్ళయింది. తేదీలు, గంటలు అప్పటి నా నోటుబుక్కు చూసి రాస్తున్నాను.

మావారు పోయాక, 1998 ఆగస్టులో, సింగపూరులో మా అమ్మాయి హేమ దగ్గరికి వచ్చాను. హేమ కంప్యూటరు ప్రోగ్రాములు రాసేది. ఆ పని తెలిసినవాళ్ళను కంపెనీలు వెతికి వెతికి పిలిపించుకుంటున్న రోజులవి. యూ టీ అనే పేటలో తొమ్మిదో అంతస్తులో అద్దెకుండేవాళ్ళం. మా పక్క ఫ్లాటు నాగమణక్కది.

నాగమణక్క నాకంటే నాలుగేళ్ళు పెద్ద. పుట్టింది సింగపూరులోనే. వాళ్ళ నాన్న యుద్ధానికి ముందే విశాఖపట్నం వైపు నుంచి ఓడెక్కి వచ్చి ఇక్కడి రేవులో పనికి కుదిరాడట. ఆమె తెలుగులో తాతలనాటి ఉత్తరాంధ్ర మాటలుండేవి, మధ్యమధ్యలో మలయ్, తమిళం దొర్లేవి, మాట చివర ఇక్కడివాళ్ళ "లా" వచ్చి చేరేది. భర్త లేడు. కొడుకు మోహన్ విమానాశ్రయంలో కంప్యూటర్లు బాగుచేసే షిఫ్టు పని చేసేవాడు. మా ఇద్దరికీ పొద్దంతా వేరే పని లేదు. వచ్చిన మూడో వారం నుంచే ఆమె నన్ను "చెల్లీ" అనడం మొదలుపెట్టింది.

2000 జనవరిలో హేమను వాళ్ళ కంపెనీ పోర్చుగల్‌లోని పోర్తో నగరానికి ఆరు నెలలు పంపింది. ఒక ఆదివారం అది నదీలోయలోకి రైల్లో వెళ్ళివచ్చి ఈమెయిల్లో ఫోటోలు పంపింది. మోహన్ వాటిని వాళ్ళ కంప్యూటర్లో తెరిచి చూపించాడు. దౌరో అనే నది. రెండువైపులా కొండలు. కొండలను మెట్లుమెట్లుగా తొలిచి ద్రాక్షతోటలు వేశారు. నది అంచునే, నీళ్ళకు తగులుతుందేమో అన్నట్టు, రైలు పట్టాలు.

అక్కడి ద్రాక్షసారా లోకమంతా తాగుతుందని మోహన్ చెప్పాడు. నేను చూసింది పట్టాలు. ఒంటి లైను, చిన్నచిన్న హాల్టులు, సొరంగాలు. ఆ సమయపట్టిక రాసినవాడు ఎలా రాశాడో చూడాలనిపించింది.

నాగమణక్క ఆ మెట్లకేసి చాలాసేపు చూసింది. తర్వాత, "చెల్లీ, ఈ దీవి దాటి నేను పోయింది వంతెన అవతల జోహోర్ దాకానే. అదీ మార్కెట్టుకి. మనం పోదాం," అంది.

ఆమెకు అరవై ఆరు, నాకు అరవై రెండు. ఇద్దరమూ సారా ముట్టని వాళ్ళం. మోహన్ నవ్వాడు. "ద్రాక్షతోటలోకి పోయి మంచినీళ్ళు తాగొచ్చే ముసలోళ్ళు మనమే లా," అని ఆమె కూడా నవ్వింది. కానీ మర్నాడు పొద్దున్నే తలుపు కొట్టి, ఏ నెలలో వెళదామని అడిగింది.

ప్రయాణం వేయడం నాకు వచ్చిన పని. హేమ అక్కడి రైళ్ళ సమయపట్టిక ఫాక్సులో పంపింది. పోర్తోలో పొద్దున బండి ఎక్కాలి, ఎగువకు వెళ్ళేటప్పుడు కుడివైపు కిటికీ పట్టాలి, నది అటే కనబడుతుంది. రెండు గంటల పైచిలుకు ప్రయాణం తర్వాత ఒక హాల్టులో దిగాలి. దాని పేరు మా ఇద్దరికీ నోరు తిరగలేదు. అక్కడి నుంచి ద్రాక్షతోటల మధ్య కాలిదారిలో ఏడు కిలోమీటర్లు నడిస్తే కొండ మీద ఒక రైతు ఇల్లు, అతిథులకు గది ఇస్తారు. సగం దారిలో చిన్న చర్చి, దాని పక్కన నీళ్ళ కుళాయి. మర్నాడు అటు దిగువకు నడిచి ఇంకో స్టేషనులో బండెక్కాలి. అదంతా హేమ ముందుగా నడిచి చూసి కొలతలు పంపింది.

నేను ఒక పెద్ద కాగితం మీద గళ్ళు గీసి మొత్తం రాశాను. ఎక్కడ ఎన్నింటికి చేరాలి, ఎక్కడ ఎంతసేపు కూర్చోవాలి, ఎక్కడ అన్నం తినాలి. నాగమణక్క ఆ కాగితాన్ని వాళ్ళింట్లో ఫ్రిజ్ తలుపుకు అంటించింది. వచ్చినవాళ్ళందరికీ చూపించేది. విమానం ఏప్రిల్ 16 ఆదివారం.

ఏడు కిలోమీటర్లు నడవాలంటే అలవాటు కావాలి. అందుకని మా ఇళ్ళ దగ్గరి కాలువ గట్టు వెంట ఏడు కిలోమీటర్లు కొలిచి పెట్టుకున్నాం. వారం మధ్యలో చిన్న నడకలు, ఆదివారాల్లో పూర్తి దూరం. సమయం నేను రాసేదాన్ని.

ఫిబ్రవరి 6న నూట పన్నెండు నిమిషాలు. ఫిబ్రవరి 27న నూట పద్దెనిమిది. మార్చి 12న నూట ఇరవై తొమ్మిది.

అలవాటయ్యేకొద్దీ నడక చురుకవ్వాలి. ఆమెది తగ్గుతోంది. నా కంటి ముందే అంకెలున్నాయి. ఎండ ఎక్కువైందని అనుకున్నాను.

మార్చి 21, మంగళవారం. ఎక్కడం అలవాటు కావాలని లిఫ్టు వదిలేసి మెట్లెక్కుతున్నాం. ఆరో అంతస్తు దగ్గర నాగమణక్క మెట్టు మీద కూర్చుంది. ఎడమ దవడ పట్టుకుంది. మొహమంతా చెమట. పంటినొప్పా అని అడిగాను. కాదంది. ఛాతీలోంచి పైకి లాగుతోందనీ, ఇది నాలుగోసారనీ, కూర్చుంటే పోతుందనీ చెప్పింది. పదకొండు నిమిషాలు కూర్చున్నాం. నిజంగానే తగ్గింది.

లేస్తూ నా చెయ్యి పట్టుకుంది.

"మోహన్‌కి చెప్పకు చెల్లీ. చెప్పేవంటే ఆడు నన్ను ఆసుపత్రిలో పడేస్తాడు. ఏప్రిల్ అయిపోద్ది. వచ్చాక చూపించుకుంటాను. ఒట్టు."

చెప్పనన్నాను.

ఎందుకన్నానో రాయాలి. ఆమె మాట కాదనలేక అని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. అది సగమే. ప్రయాణం బాగా కుదిరింది. రెండు నెలలు కూర్చుని వేసిన పట్టిక. దాన్ని చింపడం నాకు ఇష్టం లేకపోయింది.

ఆ రాత్రి భోజనం ముందు నేను చేసిన పని ఇది. రైల్వేలో ఒక పద్ధతి ఉంది. ఏదైనా బండి రోజూ ఆలస్యంగా నడుస్తుంటే, ఇంజను పాతదనో దారి బాగాలేదనో తెలిసినా, పట్టికలో ఆఖరి స్టేషనుకు ముందు కొన్ని నిమిషాలు అదనంగా కలుపుతాం. అప్పుడు బండి ఆలస్యంగా నడిచినా కాగితం మీద సరైన సమయానికే చేరినట్టుంటుంది. నేను ఎన్నో బండ్లకు అలా కలిపాను. నాగమణక్కకూ కలిపాను. చర్చికీ రైతు ఇంటికీ మధ్య. ముందు పదిహేడు నిమిషాలు రాసుకున్నాను. మార్చి 26 ఆదివారం నడకకు నూట ముప్పై ఎనిమిది నిమిషాలు పట్టింది. మొదటి నడకకూ దీనికీ తేడా చూసి, పదిహేడు కొట్టేసి ఇరవై ఆరు వేశాను.

ఆ ఇరవై ఆరు నా నోటుబుక్కులో ఉంది. ఫ్రిజ్ మీది కాగితం ముందే రాసింది, దాన్ని మార్చలేదు. నాగమణక్కకు చెప్పలేదు, నొచ్చుకుంటుందని. హేమకూ చెప్పలేదు. ఆ అంకె నాకు తప్ప ఎవరికీ తెలియదు. ఇది చదివేవారు ఈ ఒక్క వాక్యం గుర్తుంచుకోవాలి.

ఇక ప్రస్థానం సంగతి. ఆదివారం పడమరకు వారశూల. పోర్చుగల్ పడమరే. ఆ రోజు బయల్దేరక తప్పకపోతే మావైపు ఒక పద్ధతి ఉంది. ముందే ఒక మంచి రోజు చూసి, ప్రయాణమయ్యే మనిషి ఒంటిమీది గుడ్డ ఒకటి, పసుపు కొమ్ము, వక్క, గుప్పెడు బియ్యం మూటగట్టి, వెళ్ళే దిక్కున వేరే ఇంట్లో పెడతారు. అంతటితో ప్రయాణం మొదలైనట్టు లెక్క. తర్వాత మనిషి ఏ రోజు కదిలినా దోషం లేదు. అయితే మూడు రోజులు దాటకూడదు. పెట్టిన మూటను మళ్ళీ ఇంట్లోకి తేకూడదు. పోతూ పోతూ అక్కడి నుంచే తీసుకుపోవాలి.

లిటిల్ ఇండియాలో కొన్న క్యాలెండరు చూశాను. ఏప్రిల్ 13 గురువారం, దశమి. నాగమణక్కకు చెబితే చిన్నపిల్లలా సంబరపడింది. వాళ్ళ నానమ్మ దీన్ని పరస్తానం అనేదట. ఓడెక్కే ముందు వాళ్ళ నాన్న చొక్కా ఒకటి మూడు రోజులు పక్కింట్లో ఉందట.

మా వరండాలో పడమటి కొసన ఆఖరి ఫ్లాటు మిసెస్ లిమ్‌ది. డెబ్బై ఏళ్ళ చీనా ఆవిడ, ఒంటరిగా ఉండేది. నాగమణక్కకు పాతికేళ్ళ స్నేహం, ఇద్దరూ మలయ్‌లో మాట్లాడుకునేవాళ్ళు. గురువారం ఉదయం తొమ్మిదీ పదికి రెండు మూటలూ తీసుకెళ్ళాం. నాది తెల్లగుడ్డ మూట, నాగమణక్కది ఆమె ముదురు ఎరుపు తువ్వాలు. ప్రయాణం సామాను ఇంత చిన్నదా, ఆ చలిదేశంలో తువ్వాలు కట్టుకుని తిరుగుతారా అని మిసెస్ లిమ్ అడిగింది. నాగమణక్క ఏదో చెప్పింది. ఇద్దరూ పొట్ట పట్టుకుని నవ్వారు. ఏం చెప్పావని అడిగితే, నీకు చెప్పేది కాదు లా, అంది.

చెప్పుల అలమార మీద పక్కపక్కన పెట్టి వచ్చాం.

శుక్రవారం సాయంత్రం మిసెస్ లిమ్ సెరంగూన్‌లో ఉన్న కూతురింటికి వెళ్ళింది. శనివారం రాత్రి తిరిగి వస్తానని వెళ్ళేటప్పుడు నాతోనే చెప్పింది.

ఏప్రిల్ 15, శనివారం. పొద్దున ఎనిమిది నుంచి పదిన్నర దాకా నాగమణక్కా నేనూ మార్కెట్టులో ఉన్నాం. దారిలోకి పల్లీలు, ఖర్జూరాలు కొన్నాం. మధ్యాహ్నం ఆమె పెట్టె సర్దుకుంటోంది. రెండూ నలభైకి మోహన్ మా తలుపు బాదాడు. నేను వెళ్ళేసరికి నాగమణక్క పెట్టె పక్కన నేల మీద ఉంది. అంబులెన్సు వచ్చింది. ఆసుపత్రిలో మూడూ ముప్పై అయిదుకు పోయిందని చెప్పేశారు.

గుండె. ఇంతకు ముందు ఎప్పుడైనా నొప్పి వచ్చిందా అని డాక్టరు అడిగాడు. మోహన్ లేదన్నాడు. నేను పక్కనే నిలబడి ఉన్నాను.

ఆమెను ఆ రాత్రి ఆసుపత్రి శవాగారంలోనే ఉంచారు. మర్నాడు పదకొండుకు ఇంటికి తెచ్చి, రెండు గంటలకు మండాయ్ దహనశాలకు తీసుకెళ్ళాలని నిర్ణయించారు. నేను హేమకు ఫోన్ చేసి రావడం లేదని చెప్పాను. "ఆ రైతు ఇంటావిడకి నేను చెప్పేస్తాలే అమ్మా," అంది.

ఆదివారం ఉదయం ఏడు గంటలకు మా చెక్కతలుపు తీసి, ఇనుపగేటు మాత్రం వేసి, వరండాకేసి కుర్చీ వేసుకుని కూర్చున్నాను. మోహన్ బంధువులెవరైనా వస్తే వాళ్ళింటి తాళంచెవి నా దగ్గర ఉంది, ఇవ్వాలి. మా వరండా అమరిక చెప్పాలి. లిఫ్టు, మెట్లు రెండూ తూర్పు కొసన. తర్వాత నాగమణక్క ఫ్లాటు, తర్వాత మాది, తర్వాత ఖాళీగా తాళం వేసి ఉన్నదొకటి, ఆఖరున మిసెస్ లిమ్‌ది. అక్కడితో గోడ. మిసెస్ లిమ్ ఇంటికి ఎవరు వెళ్ళాలన్నా, తిరిగి రావాలన్నా నా గేటు ముందు నుంచే నడవాలి. వేరే దారి లేదు.

నేను కునుకు తియ్యలేదు. ఏడు నుంచి పదకొండు దాకా ఆ వరండాలో నడిచినవాళ్ళు ముగ్గురు. ఏడూ అయిదుకు పేపరు వేసేవాడు. ఎనిమిదీ యాభై రెండుకు మిసెస్ లిమ్, చర్చికి వెళ్ళే నీలం గౌనులో. పదీ ఇరవైకి మోహన్ మేనమామ.

మిసెస్ లిమ్ వెళుతున్నప్పుడు లేచి ఈ కబురు చెప్పాలనుకున్నాను. శనివారమంతా ఇక్కడ లేదు కాబట్టి ఆమెకు తెలియదని నాకు తెలుసు. కానీ ప్రార్థనకు పోయే మనిషికి చెప్పి ఆపడమెందుకని ఊరుకున్నాను.

పన్నెండున్నరకు ఆమె తిరిగివచ్చింది. అప్పటికి నాగమణక్కను హాల్లో పడుకోబెట్టారు. గుమ్మం బయట చెప్పులు, వరండాలో జనం. ఎవరు పోయారని నన్ను అడిగింది. చెప్పాను. ఆమె నన్ను తోసుకుని లోపలికి వెళ్ళి మొహం చూసింది. బయటికి వచ్చి గోడ పట్టుకుని నిలబడింది.

ఆమె మాట్లాడేది ఇంగ్లీషు, మలయ్ కలిసిన మాట. నేను తెలుగులో రాస్తున్నాను.

"ఎప్పుడు?" అంది.

నిన్న మధ్యాహ్నం మూడూ ముప్పై అయిదు అన్నాను.

"కాదు. ఈ పొద్దున నా ఇంటికి వచ్చింది కదా."

చర్చికి బయల్దేరి గేటు తీస్తుంటే నాగమణక్క ఎదురుగా నిలబడి ఉందట. మూట కోసం వచ్చానందట. రెండూ తీసి ఇవ్వబోతే, తనది మాత్రం పుచ్చుకుందట. స్నేహితురాలు రాదా అని అడిగితే, తర్వాత వస్తుందందట. ఇంకొకటి కూడా నాకు చెప్పమందని మిసెస్ లిమ్ అంది. తనకు అర్థం కాలేదనీ, మీ ప్రయాణం లెక్కేదో అనుకున్నాననీ అంది.

"ఆ ఇరవై ఆరు నిమిషాలు నాకు వద్దని చెప్పు, అంది."

ఆమెను తీసుకుని వాళ్ళింటికి వెళ్ళాను. చెప్పుల అలమార మీద నా తెల్లమూట ఒక్కటే ఉంది.

అప్పటి నుంచి ఉద్యోగంలో నేర్చుకున్నదంతా ఉపయోగించి కారణం వెతికాను. మొదటి అనుమానం, మిసెస్ లిమ్ రోజు పొరబడింది. నాగమణక్క బతికుండగానే వచ్చి మూట తీసుకుని ఉండాలి. కానీ గురువారం సాయంత్రం మిసెస్ లిమ్ రెండు మూటల మీదా ధూళి పడకుండా పేపరు కప్పింది, అది శుక్రవారం సాయంత్రం ఆమె వెళ్ళేటప్పుడు నేను కళ్ళారా చూశాను, రెండూ ఉన్నాయి. అప్పటి నుంచి శనివారం రాత్రి దాకా ఆ ఇంటికి తాళం. తాళంచెవి ఇంకెవరి దగ్గరా లేదు. పైగా చర్చి బట్టలు ఆదివారమే వేసుకుంటుంది.

రెండో అనుమానం, ఆమె కల్పించింది. ఎందుకు కల్పిస్తుంది? కల్పించినా ఇరవై ఆరు ఎక్కడి నుంచి తెస్తుంది? నా నోటుబుక్కు తెలుగులో ఉంటుంది, అలమారలో ఉంటుంది. మూడోది, నాగమణక్కే ఆ అంకె పసిగట్టి బతికుండగా ఈమెకు చెప్పి ఉండాలి. అలా చెప్పలేదని మిసెస్ లిమ్ మూడుసార్లు చెప్పింది. మూడుసార్లూ ఒకేలా చెప్పింది.

మోహన్ ఇల్లంతా, పెట్టె అంతా వెతికాడు. ఎర్ర తువ్వాలు ఎక్కడా దొరకలేదు.

పన్నెండో రోజు కర్మ అయ్యాక మోహన్ ఒక్కడూ మా ఇంటికి వచ్చాడు. మిసెస్ లిమ్ అతనికి అంతా చెప్పింది. మూట సంగతి అతనికి పట్టలేదు. "ఆంటీ, ఆ ట్వెంటీ సిక్స్ మినిట్స్ ఏంటి?" అని అడిగాడు.

చెప్పకుండా ఉండే వీలుంది. ప్రయాణం లెక్క అనేస్తే సరిపోయేది. నోటుబుక్కు తీసి అతని ముందు పెట్టాను. ఫిబ్రవరి 6 నుంచి ప్రతి నడకా చదివి వినిపించాను. మార్చి 21 కూడా చదివాను. ఆరో అంతస్తు, దవడ, చెమట, పదకొండు నిమిషాలు. అన్నీ రాసే ఉన్నాయి.

అతను చాలాసేపు ఆ పేజీ చూశాడు. తెలుగు చదవడం రాదు, అంకెలు చూస్తున్నాడు.

"ఎన్ని రోజుల ముందు తెలుసు మీకు?"

"ఇరవై అయిదు," అన్నాను.

"నా షిఫ్టు వల్ల నేను చూడలేదు. మీరు రోజూ చూసేరు. చూసి రాసుకున్నారు."

కేకలు వేస్తే బాగుండేది. వెయ్యలేదు. పుస్తకం మూసి నా వైపు జరిపాడు. లేచి గేటు దాకా వెళ్ళి, వెనక్కి తిరగకుండానే, "ఒక్క రోజు చెప్పుంటే చాలు కదా ఆంటీ," అన్నాడు.

తర్వాత నాలుగు నెలలు పక్కపక్క ఇళ్ళలోనే ఉన్నాం. లిఫ్టులో ఎదురైతే తల ఊపేవాడు. సెప్టెంబరులో ఆ ఫ్లాటు అమ్మేసి వెళ్ళిపోయాడు. ఎక్కడికో నాకు చెప్పలేదు. అడిగే మొహం నాకు లేదు. ఫ్రిజ్ తలుపు మీది కాగితం సామానుతో పాటు వెళ్ళిందో, చెత్తలోకి వెళ్ళిందో తెలియదు.

నేను పోర్చుగల్ వెళ్ళలేదు. హేమ రెండుసార్లు రమ్మంది.

ఇక్కడితో ఆపేస్తే నిజం దాచినట్టవుతుంది. ఇంకొక సంగతి ఉంది. దీన్ని హేమకు కూడా చెప్పలేదు.

మోహన్ ఇల్లు ఖాళీ చేసిన వారం మిసెస్ లిమ్ నన్ను టీకి పిలిచింది. ఎందుకో ఆ రోజు అడిగాను. మూట తీసుకున్నాక నాగమణక్క ఎటు వెళ్ళిందని. అప్పటిదాకా ఈ ప్రశ్న అడగకపోవడం నా పొరపాటు. మాయమైపోయిందనే సమాధానం వస్తుందని నాకు నేనే అనుకుని ఊరుకున్నాను.

"నాతోనే వచ్చింది," అంది మిసెస్ లిమ్. "ఇద్దరం కలిసి లిఫ్టు దాకా నడిచాం. నేను పిట్టగోడ వైపు, ఆమె నీ గేటు వైపు. నువ్వు కుర్చీలో కూర్చున్నావు. నేను చెయ్యి ఊపాను. నువ్వూ ఊపావు."

ఊపాను. నాకు గుర్తుంది. ఎనిమిదీ యాభై రెండు.

"ఆమె ఆగలేదా?" అని అడిగాను.

మిసెస్ లిమ్ కప్పు కింద పెట్టింది. ఆలోచించి, జాగ్రత్తగా చెప్పింది.

"ఆగింది. నేను లిఫ్టు నొక్కి వెనక్కి చూస్తే ఇంకా నీ గేటు ముందే ఉంది. నిన్నే చూస్తోంది. నువ్వు ఆమె మొహంలోకే చూస్తున్నావు. ఏదో మాట్లాడుకుంటున్నారనుకుని నేను పిలవలేదు. చాలాసేపే నిలబడింది. లిఫ్టు వచ్చి, తలుపులు మూసుకుని, మళ్ళీ తెరుచుకుంది."

ఆ ఉదయం నా గేటుకు అవతల ఖాళీ వరండా, పిట్టగోడ, దాని మీద ఆకాశం కనిపించాయి. నేను కళ్ళజోడు పెట్టుకునే ఉన్నాను. నిద్రలో లేను. మిసెస్ లిమ్ ఒక్కతే వెళ్ళిందని రాసుకున్నాను. ఆ వాక్యం ఇప్పటికీ నా పుస్తకంలో ఉంది. దాన్ని కొట్టెయ్యాలో, ఉంచాలో నాకు ఈనాటికీ తేలలేదు.